చందా పెరిగినప్పుడు

పైలట్ అను మాట సికింద్రాబాదు వారికి ఒకప్పుడు ఆకాశమును మాత్రమే తలపునకు తెచ్చెడిది. ఊరికి పడమట బేగంపేట విమానాశ్రయము. 1945లో నిజాము ప్రభుత్వమును, టాటాల వారును కలిసి నెలకొల్పిన దక్కన్ ఎయిర్‌వేస్ డకోటా విమానములు అక్కడినుండియే ఎగిరెడివి. 1947లో వాణిజ్య విమానములు నడుపుటకు లైసెన్సు సంపాదించిన ప్రేమ్ మాథుర్ అను యువతికి ఉద్యోగమిచ్చినది ఈ సంస్థయే. మన దేశమున వాణిజ్య విమానము నడిపిన తొలి మహిళ ఆమె. 1953లో విమాన సంస్థలను జాతీయము చేసినప్పుడు దక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో లీనమైనది. 2008 మార్చిలో ప్రయాణికుల విమానములు శంషాబాదుకు తరలిపోయినవి.

ఆకాశపు పైలట్లు అటు పోగా, ఊరి నడుమ మరియొక తెగ పైలట్లు వెలసినారు. ఇంజను డ్రైవరు అను పాత పేరును రైల్వేవారు ఈ శతాబ్దిలో తీసివేసి లోకో పైలట్ అని పెట్టినారు. సికింద్రాబాదు 1874లోనే రైలును చూచిన ఊరు. 1966 అక్టోబరు 2 నుండి దక్షిణ మధ్య రైల్వేకు ముఖ్యస్థానము. కావున నేడు మెట్టుగూడలోనో, చిలకలగూడలోనో పైలట్ గారి ఇల్లు ఎక్కడని అడిగినచో, జనులు చూపునది రైలింజను నడుపువాని ఇల్లే.

ఈ పేరు మార్పు ఉత్త కాగితపు మార్పని నవ్వినవారున్నారు. కాని పోలిక లేకపోలేదు. విమానము నడుపువానికిని, ఇంజను నడుపువానికిని నిద్రయే మూలధనము. ఇద్దరును ఊరు నిద్రించు వేళ మేలుకొని ఉండవలసినవారు. ఇద్దరి సంఘములును జీతముతోపాటు విశ్రాంతి గంటల కొరకు పోరాడినవి. ఆ సంఘములలో సభ్యులైన వారికి అప్పుడప్పుడు ఎదురగు ప్రశ్నయు ఒకటే: చందా పెంచినారు, ఇంక ఉండుటయా, మానుటయా?

రసీదు పుస్తకము చేతబట్టుకొని సంఘపు కోశాధికారి లాబీ ముందు నిలిచినప్పుడు, కొత్తగా ఉద్యోగములో చేరిన అసిస్టెంటు లోకో పైలట్ అడుగు మాట సాధారణముగా ఇట్లుండును: "ఏందన్నా, మళ్ళ పెంచిండ్రా?" "పెంచినం తమ్మీ. కోర్టు ఖర్చులున్నయి, ఆఫీసు కిరాయి పెరిగింది." "నాకు సంఘంతోని ఇప్పటిదాంక పనే పడలే గదన్నా." ఈ చివరి మాటకు పెద్దవాడు వెంటనే బదులు చెప్పలేడు. పని పడకపోవుట నిజమే కదా!

ఆ యువకుని లెక్కయు తీసివేయదగినది కాదు. ఇంటి అద్దె, పిల్లల బడి ఫీజులు, తల్లికి మందులు, మోటారు సైకిలు వాయిదాలు. వీటికి తోడు అతనికి చందా ఒకటి కాదు, రెండు. రైల్వేలో యాజమాన్యముతో కూర్చుండి మాటలాడు హక్కు గుర్తింపు పొందిన యూనియనులకే ఉన్నది. ఆ గుర్తింపు కొరకు 2007లో, 2013లో, 2024 డిసెంబరులో ఉద్యోగులు రహస్యముగా ఓట్లు వేసినారు. మన ప్రాంతమున మజ్దూర్ యూనియను, ఎంప్లాయీస్ సంఘ్ అను రెండు పేర్లు ప్రతి రైల్వే క్వార్టరు గోడకును తెలిసినవే. అన్ని శాఖల ఉద్యోగులకును ఇవి ఉమ్మడి. ఇంజనులో పనిచేయు వారికి మాత్రమే చెందినది లోకో రన్నింగ్ స్టాఫ్ అసోసియేషను. ఇట్లు ఒక వర్గమునకే పరిమితమైన సంఘములకు రైల్వే యాజమాన్యము గుర్తింపు ఈయదు. ఒక సంఘమునకు కుర్చీ ఉన్నది గాని, ఇంజనులోని వేడిమి దానికి ముఖ్య విషయము కాదు. రెండవ దానికి ఆ వేడిమి తెలియును గాని కుర్చీ లేదు. రెండింటికిని చందా చెల్లించు పైలట్, ఒకటి పెరిగినప్పుడు రెండవదానిని మానుకొందునా అని ఆలోచించుట సహజము.

ఇచట మాటను గురించి కొంచెము చెప్పవలసియున్నది. చందా అనునది ఉర్దూ ద్వారా మనకు వచ్చిన పారసీక పదము. చంద్ అనగా కొన్ని, ఎన్ని అని అర్థము. తెలుగున దీనికి సమీపమున మరి రెండు మాటలు వాడుకలో ఉన్నవి: విరాళము, రుసుము. విరాళమిచ్చినవాడు ఇచ్చి మరచిపోవును. రుసుము చెల్లించినవాడు తన సొమ్ముకు తగిన సరకు ముట్టినదా అని చూచును. ముట్టనిచో మరియొక అంగడికి పోవును. చందా ఈ రెండింటిలో ఏదియును కాదు. చందా ఇచ్చినవాడు దాతయు కాడు, కొనుగోలుదారుడును కాడు. ఆ అంగడిలో భాగస్వామి. నేటి సంఘములలోని చిక్కులో సగము, నాయకులు చందాను విరాళముగాను, సభ్యులు దానిని రుసుముగాను భావించుటవలన పుట్టినది. ఒకరు లెక్క చెప్పుట మరచినారు, మరియొకరు లెక్క అడుగుటకు బదులు వెళ్ళిపోవుచున్నారు. (ఉపాధ్యాయ సంఘముల చందాలు కట్టు మన బడిపంతుళ్ళకు ఈ ముక్క వివరించి చెప్పనక్కరలేదు.)

చట్టము చందాను ఎట్లు చూచినదో గమనింపదగినది. 1926 నాటి కార్మిక సంఘముల చట్టమునకు 1960లో చేసిన సవరణ, సభ్యుడొక్కొక్కడు నెలకు 25 నయాపైసలకు తక్కువ కాకుండ చెల్లింపవలెనన్నది. అనగా ఏటికి మూడు రూపాయలు. 2001 సవరణ దానిని, పల్లెకూలీలకును, అసంఘటిత కార్మికులకును తక్కువ చేసి, తక్కినవారికి ఏటికి 12 రూపాయలు చేసినది. నలువదియొక్క ఏండ్లలో మూడు పన్నెండైనది; బియ్యపు ధర ఆ లెక్కన మాత్రమే పెరిగియున్న ఎంత బాగుండెడిది! ఇవి కనీసపు మొత్తములే. ఒక్క పైసయైన చెల్లింపనివాడు పేరునకే సభ్యుడగునన్నదే ఆ నిబంధనలోని భావము. ఆ చట్టమే సంఘపు నిధిని దేనికి ఖర్చు పెట్టవచ్చునో చెప్పినది: సిబ్బంది జీతములు, వ్యాజ్యముల ఖర్చులు, సభ్యులకు వృత్తి వివాదములలో కలిగిన నష్టమునకు పరిహారము, వ్యాధి, వార్ధక్యము, ప్రమాదము, మరణము సంభవించినప్పుడు సహాయము, పిల్లల చదువు, పత్రిక. రాజకీయ నిధి వేరుగా ఉండవలెననియు, దానికి చందా ఈయుమని ఎవరినిని నిర్బంధింపరాదనియు కూడ అన్నది. 2025 నవంబరులో ఆ చట్టము స్థానమున పారిశ్రామిక సంబంధముల స్మృతి వచ్చినది.

పట్టికలో ఉన్నవన్నియు పని పడినప్పుడు పనికివచ్చునవి. పని పడని యువకునికి చందా ఏమి ఇచ్చినదన్న ప్రశ్న అట్లే ఉన్నది. దానికి బదులు గడియారములో వెదకవలెను.

ఆవిరి ఇంజనుల కాలమున నిప్పుగూటి ముందు నిలిచి బొగ్గు వేయు ఫైర్‌మను, ఇంజను నడుపు డ్రైవరు, ఇంటినుండి బయలుదేరునప్పుడు మరల ఎప్పుడు వత్తుమో చెప్పలేకపోయెడివారు. బండి దారిలో నిలిచినంతసేపును పనియే. 1970 ప్రాంతమున ఏర్పడిన లోకో రన్నింగ్ స్టాఫ్ అసోసియేషను 1973లో సమ్మె కట్టినది. ఆ ఏడు ఆగస్టులో రైల్వే మంత్రి లలిత్ నారాయణ మిశ్ర, పనిలో చేరినది మొదలు దిగువరకు పది గంటలకు మించరాదన్న సూత్రమునకు అంగీకరించినారు. గుర్తింపు లేని సంఘము సాధించిన ఫలితమిది. ఆ పది గంటలు ఎంతవరకు అమలైనవన్నది అర్ధశతాబ్దిగా తెగని వివాదము. అది వేరు సంగతి. నేటి యువకుడు పదకొండవ గంటలో "నాకు విశ్రాంతి కావలె" అని అడుగగలుగుటకు ఆధారమైన మాట మాత్రము ఆనాటిది. దానికి చందా కట్టినవారిలో చాలమంది అతడు పుట్టకముందే ఉద్యోగము చాలించినారు.

పదకొండవ గంట అనగానేమో బయటివారికి తెలియదు. నేటి ఇంజనులో ఒక యంత్రమున్నది. నిమిషముపాటు పైలట్ ఏ మీటయు కదపక, బొత్తామును నొక్కక ఊరకున్నచో దీపము వెలిగించి, గంట మ్రోగించి హెచ్చరించును, అప్పటికిని కదలనిచో తానే బ్రేకులు వేయును. మనిషి కన్ను మూతపడునని ఎరిగియే దానిని అమర్చినారు. ఎర్ర దీపమును దాటి బండి ముందుకు పోయినచో, ప్రమాదము జరుగకపోయినను, పైలట్‌కు విచారణ తప్పదు. శిక్ష ఉద్యోగమునుండి తొలగించుట వరకును పోవచ్చును. కవచ్ అను రక్షణ ఏర్పాటు ఉన్నదిగదా, దాని పరీక్షలు ప్రయాణికుల బండ్లమీద 2016లో మన దక్షిణ మధ్య రైల్వేలోనే జరిగినవి గదా అని కొందరందురు. కవచ్ బండిని ఆపగలదు. అభియోగపత్రమునకు సమాధానము వ్రాయలేదు. విచారణకు పోవు ఉద్యోగి తోటి ఉద్యోగినొకనిని సహాయముగా తీసికొనిపోవుటకు నిబంధనలు ఒప్పుకొనుచున్నవి. పాత తీర్పులను, పని గంటల పట్టికలను చదివిన అట్టి సహాయకుడు అప్పటికప్పుడు దొరకడు. అతనిని తయారు చేసి నిలుపుకొనుట ఖర్చుతో కూడిన పని. ఆ ఖర్చు చందాలోనిదే.

చందా చెల్లించుట ఒక్కటే చాలదని నేర్పిన సంవత్సరము 1974. మే 8న జార్జి ఫెర్నాండెజ్ నాయకత్వమున దేశమంతట రైల్వే సమ్మె ప్రారంభమై 27న ముగిసినది. వేలమంది చెరసాలల పాలైనారు, వేలమంది ఉద్యోగములు పోగొట్టుకొన్నారు. ఆనాడు రాష్ట్రపతి భవనములో ఉన్నవారు వి. వి. గిరి గారు. బరంపురమున పుట్టిన ఈ తెలుగు పెద్ద, 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సమ్మెకు నాయకత్వము వహించిన వ్యక్తి, అఖిల భారత రైల్వే కార్మిక సమాఖ్య నిర్మాతలలో ఒకరు. ఒక్కొక్క అణా కూడబెట్టి సంఘమును నిలిపిన మనిషి దేశమునకు అధిపతిగా ఉన్నప్పుడే రైల్వే కార్మికుల మీద అంతటి దెబ్బ పడినది. తొలగింపబడినవారిని మధు దండవతే రైల్వే మంత్రిగా ఉన్న జనతా ప్రభుత్వము 1977లో తిరిగి తీసికొన్నది. నడుమ మూడేండ్లు గడిచినవి. ఆ మూడేండ్లు ఆ ఇండ్లలో పొయ్యి ఎట్లు వెలిగినదో ఊహించుకొన్నచో, నష్టపరిహారమను పొడి మాట చట్టములో ఎందుకున్నదో తెలియును.

ఆకాశపు పైలట్ల కథ ఇంతకంటె చిత్రమైనది. వారి జీతములు పెద్దవి, చందాలును అందుకు తగినట్లే ఉండును. కావున సంఘముయొక్క మంచిచెడ్డలు అచట మరింత స్పష్టముగ కనబడును. అమెరికాలో 1931లో ఏర్పడిన విమాన పైలట్ల సంఘములో తొలినాళ్ళ సభ్యులు తమ సభ్యత్వమును యజమానులకు తెలియకుండ దాచుకొన్నారు. 1934లో వారు నెలకు 85 గంటలకు మించి ఎగురనక్కరలేదన్న నిర్ణయమును సాధించినారు. మన దేశమున ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లకు కమర్షియల్ పైలట్స్ అసోసియేషను, ఎయిర్ ఇండియా పైలట్లకు పైలట్స్ గిల్డు ఉండెడివి. 2007లో సంస్థలు రెండును కలిసినవి గాని సంఘములు కలియలేదు. 2011లో మొదటి సంఘము, తమ జీతములు ఎయిర్ ఇండియా వారితో సమము కావలెనని పది దినములు సమ్మె చేసినది. 2012లో గిల్డువారు 58 దినములు పని మానినారు. కారణమేమి? కొత్తగా వచ్చు డ్రీమ్‌లైనరు విమానములపై శిక్షణను, ఒకప్పటి ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లకు కూడ ఇచ్చుట! రెండు సమ్మెలలోను యాజమాన్యము సంఘపు గుర్తింపును రద్దు చేసినది. పక్కసీటులో కూర్చుండు తోటి పైలట్‌కు విద్య నేర్పవలదని పోరాడుటకు చందా సొమ్ము వెచ్చించిన సంఘమును ఎంతటి సంఘాభిమానియైనను మెచ్చుకొనజాలడు. ఆ ఏడు చందా మానుకొన్న వాడెవడైన ఉన్నచో అతనిని నిందింపరాదు.

కాని అదే రెండు సంఘములు తరువాత ఒకే న్యాయస్థానపు గడప ఎక్కినవి. పైలట్లకు వారమునకు 36 గంటలుగా ఉన్న విశ్రాంతిని 48 గంటలకు పెంచుచు, రాత్రివేళ దిగు పర్యాయములను తగ్గించుచు విమానయాన శాఖ 2024 జనవరిలో నియమములు ప్రకటించి, పిదప వాయిదా వేసినది. పైలట్ల సంఘములు ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యము నడిపినవి. తుదకు 2025లో జులై 1న కొన్ని, నవంబరు 1న తక్కినవి అమలు చేయుటకు ఏర్పాటైనది. ఆ డిసెంబరులో, సిబ్బందిని తగినట్లు సమకూర్చుకొనని ఇండిగో సంస్థ వేల ప్రయాణములను రద్దు చేసినది. శంషాబాదులో జనులు పెట్టెలమీదనే కూర్చుండి తెల్లవార్చినారు. ఆ సంస్థకు కొన్ని నియమములను తాత్కాలికముగ సడలింపవలసి వచ్చినది. విశ్రాంతి గంటలు ఊరక రావనియు, వచ్చినవి ఊరక నిలువవనియు ఆ వారము రోజులలో ప్రయాణికులకు కూడ తెలిసినది. న్యాయవాదులకిచ్చిన సొమ్ము ఎక్కడినుండి వచ్చినదని వారిలో ఎవరును అడుగలేదు.

ఆ 48 గంటలు సంఘమున చేరని పైలట్‌కును దక్కినవి. రైల్వేలో పది గంటల సూత్రము చందా కట్టని వానికిని చెందును. చిక్కంతయు ఇచటనే ఉన్నది. తెనాలి రామకృష్ణుని పేర మన పిల్లలు చెప్పుకొను పాలకుండ కథ ఇట్టిదే: రాత్రి ఇంటికొక కుండ చొప్పున తొట్టిలో పాలు పోయుమని రాజాజ్ఞ; అందరును పాలు పోయుదురుగదా, నా ఒక్క కుండలో నీళ్ళున్న ఎవరికి తెలియునని ప్రతివాడును తలంచినాడు; తెల్లవారి చూడగా తొట్టి నిండ నీళ్ళే. కథ చెప్పువారు నీళ్ళు పోసినవారిని చూచి నవ్వుదురు. కాని రాజును ఒక మాట అడుగవలెను. తొట్టి మూత చీకటిలో ఎందుకుంచినావయ్యా? దీపము పెట్టి, ఎవరి కుండలో ఏమున్నదో, తొట్టిలోనుండి ముంచుకొనిపోవువారెవరో అందరికిని కనబడునట్లు చేసియున్నచో సగము నీళ్ళు తగ్గియుండెడివి.

చందా పెంచినప్పుడు సంఘములు చేయని పని ఇదియే. కోర్టు ఖర్చులు, ఆఫీసు అద్దె అని నోటిమాటగా చెప్పుదురు. ఏ కేసుకు ఎంత, ఏ సభలకు ఎంత, ఏ నాయకుని ప్రయాణములకు ఎంత అన్నది ఏడాది చివర ఒక కాగితమున అచ్చైన, దానిని చదువువారు లేరు. 1926 చట్టము సంఘపు లెక్కల పుస్తకమును చూచు హక్కును సాధారణ సభ్యునికి కూడ ఇచ్చినది. ఆ హక్కును వాడుకొన్నవారు ఎంతమంది ఉందురు? లెక్క అడిగినవానిని ద్రోహిగా చూచు నాయకులున్న సంఘమునకు చందా పెంచు అర్హత లేదు. లెక్క ఒక్కమారైన అడుగక, పెంచినారని మాత్రమే మానుకొను సభ్యుడు, ఏరు దాటి తెప్ప తగులబెట్టినవాడే.

రైల్వే పైలట్ల విషయమున మరియొక ఇబ్బంది కలదు. చందా పెంపును నిర్ణయించు సర్వసభ్య సమావేశము ఏనాడు పెట్టినను, సభ్యులలో పెక్కుమంది బండ్లమీద ఉందురు. వచ్చినవారు ఆనాడు విశ్రాంతి దొరికినవారు మాత్రమే. వారిలోను సగము మంది నిద్ర ఆపుకొనుచుందురు. కావున సమావేశము కొరకు కాచుకొనుటకంటె, కాజీపేటలోను, విజయవాడలోను పైలట్లు బస చేయు రన్నింగ్ రూముల గోడలకు సంవత్సరపు జమాఖర్చులు అంటించుట మేలు. స్నానము చేసి, అన్నము తిని, తిరుగు బండి పిలుపునకు ఎదురుచూచు వేళ ఆ యువకుడు దానిని చదువుకొనును. కోర్టు ఖర్చుల వరుస దగ్గర ఆగి, ఆ కేసు ఎవరిదని పక్కమంచముమీది వానిని అడుగును.